అమ్మకి చెప్పకుండా నది దాటిన రోజు

మా వాళ్ళు చావు కబురు సూటిగా చెప్పరు. మనిషి పోయి, ఇంటి ముందు షామియానా వేసి, ఐస్ పెట్టె కూడా వచ్చేశాక దూరాన ఉన్నవాళ్ళకి ఫోన్ చేసి, "కొంచెం సీరియస్‌గా ఉంది, బయల్దేరండి" అంటారు. నిజం తెలిస్తే దారిలోనే కుప్పకూలిపోతారని వాళ్ళ భయం. ప్రేమతోనే చేస్తారు, కాదనను. కానీ ఆ ప్రేమంటే నాకు ఒళ్ళు మంట.

నాన్న పోయినప్పుడు నేను నెవార్క్‌లో విమానం ఎక్కింది నాన్నని చూడ్డానికి. ఆయన కోసం బీపీ చూసుకునే మిషన్ ఒకటి కొని చేతి సంచిలో పెట్టుకున్నాను. డాక్టర్‌ని ఏమేం అడగాలి, హైదరాబాద్ తీసుకెళ్తే ఏ ఆసుపత్రి మంచిది అని దారి పొడుగునా ఆలోచిస్తూనే ఉన్నాను. రాజమండ్రి చేరాక కారు ఆసుపత్రి వైపు తిరగకుండా తిన్నగా వెళ్ళిపోయింది. "మామయ్యా, ఇటు కాదు కదా" అన్నాను ముందు సీట్లో ఉన్న మా మేనమామతో. ఆయన వెనక్కి తిరగలేదు. ఆ కారులో నాకు తప్ప అందరికీ తెలుసని అప్పుడు అర్థమైంది. అద్దె కారు డ్రైవర్‌కి కూడా తెలుసు. ఆ మిషన్ని డబ్బా విప్పకుండానే ఎవరికో ఇచ్చేశారు.

నా చేతుల మీదుగా ఇంకెవరికీ ఇలా జరగనివ్వనని ఆ రోజు గట్టిగా అనుకున్నాను. అనుకున్నదాన్ని ఎన్నాళ్ళు నిలబెట్టుకున్నానో ఇప్పుడు చెబుతున్నాను.

మా అమ్మాయి మూడో తరగతి పూర్తి చేసిన వేసవి అది. వీడియో కాల్ అంటే ఇంకా అందరూ కంప్యూటర్ ముందు కూర్చోవాల్సిన రోజులు. మేం పిస్కాటవేలో ఉండేవాళ్ళం. నేనొక మందుల కంపెనీలో, మా ఆయన సాఫ్ట్‌వేర్‌లో. అమ్మ ఆర్నెల్లు ఉండేలా వచ్చింది. మా చెల్లి, మరిది కెనడాలో, కింగ్‌స్టన్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళు. ఆ వసంతంలోనే ఇల్లు కొనుక్కున్నారు. అమ్మకి కెనడా వీసా కూడా ముందే తీయించి పెట్టాం. నా దగ్గర కొన్నాళ్ళు, దాని దగ్గర కొన్నాళ్ళు అని వంతులు.

మా ఆయనకి మ్యాప్‌లు చూడ్డం పిచ్చి. కింగ్‌స్టన్‌కి వంతెన మీదుగా వెళ్ళే పెద్ద రోడ్డు ఉండగా, ఆయన ఇంకో దారి కనిపెట్టాడు. న్యూయార్క్ రాష్ట్రం చివర కేప్ విన్సెంట్ అని చిన్న ఊరు. అక్కడ కారుతో సహా ఫెర్రీ ఎక్కితే నది మధ్యలో ఉన్న ఒక దీవిలో దింపుతుంది. ఆ దీవి కెనడాది. దీవికి అటు చివర ఇంకో ఫెర్రీ ఎక్కితే నేరుగా కింగ్‌స్టన్‌లో దిగొచ్చు. ఆ మాట అమ్మతో అన్నాడు, అంతే. అమ్మది కోనసీమ. ఆవిడ చిన్నప్పుడు నర్సాపురం రావాలంటే పంటు ఎక్కి గోదావరి దాటాలి. మనుషులు, సైకిళ్ళు, గేదెలు, కార్లు అన్నిటినీ ఒకేసారి మోసుకెళ్ళే పడవ అది. అమెరికాలో పంటు ఎక్కబోతున్నానని రాజమండ్రిలో ఉన్న చుట్టాలందరికీ ఫోన్ చేసి చెప్పింది. "మా పెద్దల్లుడు కారు పంటు మీద ఎక్కిస్తాడంట" అని ఒకరికి చెప్పిందే ఇంకొకరికి చెప్పేది. ప్రయాణం జులైలో అనుకున్నాం.

జూన్ చివర ఒక శుక్రవారం ఉదయం నేను ఆఫీసులో ఉండగా కింగ్‌స్టన్ నుంచి ఫోన్ వచ్చింది. చెల్లి వాళ్ళ పక్కింట్లో ఒక తెలుగావిడ ఉంటుంది, ఆవిడ చేసింది. మా మరిది ముందు రోజు సాయంత్రం షటిల్ ఆడుతూ ఆట మధ్యలో కింద కూర్చుండిపోయాడట. అలుపు తీర్చుకుంటున్నాడనుకున్నారట. అంబులెన్స్ వచ్చేసరికే అయిపోయింది. ముప్పై తొమ్మిదేళ్ళు. ఆవిడ ఫోన్ చెల్లికి ఇచ్చింది. చెల్లి ఏడవలేదు. "అమ్మని తీసుకురా అక్కా" అంది. ఇంకేం అడిగినా అదే మాట.

నేను పార్కింగ్‌లోకి వచ్చి కారులో కూర్చుని మా ఆయనకి చేశాను. ఆయన వెంటనే మామయ్యకి చేశాడు. మామయ్య నాకు చేశాడు.

"అమ్మకి ఇప్పుడే చెప్పకండే. అక్కడికి తీసుకెళ్ళండి. చిన్నది పక్కన ఉండగా మెల్లిగా చెబుదురుగాని."

"నేను అలా చెయ్యను మామయ్యా. నాకు చేసింది చాలదా?"

"నీకు చేసినప్పుడు నీ గుండెలో స్టెంట్లు లేవు. మీ అమ్మకి రెండున్నాయి. ఏడెనిమిది గంటల దారి. మధ్యలో ఏదన్నా అయితే ఎవరిదే బాధ్యత? నీదా?"

నేను అరిచాను. ఏం అరిచానో గుర్తు లేదు కానీ పక్క కారులో ఎక్కబోతున్న ఒకావిడ ఆగి, అద్దం లోంచి నన్ను చూసి, "ఆర్ యూ ఓకే?" అంది. ఓకే అన్నాను. నాన్న లేరు. దారిలో అమ్మకి ఏమైనా అయితే చెల్లికి నేనేం మొహం చూపించాలి? అందుకని ఒప్పుకున్నాను. ఒప్పుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

వంతెన మీదుగా వెళ్తే త్వరగా చేరతాం. కానీ అన్నాళ్ళూ పంటు పంటు అని ఊరించి, ఇప్పుడు వంతెన అంటే అమ్మ ఊరుకోదు. ఎందుకు, ఏమైంది, ఏం దాస్తున్నారు అని తవ్వుతుంది. అందుకని అబద్ధానికి అతికినట్టు ఉండాలని పంటు దారే పట్టాం. ఇంటికి వచ్చి అమ్మతో, "నాకు లీవ్ ముందే దొరికింది, రేపే వెళ్దాం" అన్నాను. అమ్మ మొహం వెలిగిపోయింది. మినప్పప్పు వేయించడానికి లేచింది.

చిన్నల్లుడికి సున్నుండలంటే ప్రాణం. ఫోన్ చేసినప్పుడల్లా "అత్తయ్యా, ఉండలు" అని తప్ప ఇంకో పలకరింపు ఉండేది కాదు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. జోకు చెప్పేటప్పుడు అది పూర్తి కాకుండానే తనే నవ్వేసేవాడు, అందుకని అతని జోకులు మాకెవరికీ సగం పైన తెలియవు. ఆ సాయంత్రం అమ్మ పిండిలో నెయ్యి పోసి, నన్ను ఎదురుగా కూర్చోపెట్టుకుంది. "చేతులు కడుక్కుని రా, చల్లారితే ఉండ కట్టుకోదు" అంది. కూర్చుని చుట్టాను. పోయిన మనిషి తింటాడని అమ్మ ఒక్కో ఉండనీ నున్నగా చేసి డబ్బాలో సర్దుతుంటే, నేనూ ఎదురుగా కూర్చుని సర్దాను. నా ఉండలు విరిగిపోతున్నాయి. "పట్టు లేదే నీ చేతిలో" అని అమ్మ నవ్వింది.

మా అమ్మాయికి కూడా చెప్పలేదు. దాని నోట్లో మాట నిలవదు.

తెల్లవారి బయల్దేరాం. అమ్మ వెనక సీట్లో మనవరాలితో కబుర్లు చెబుతోంది. ముందు సీట్లో మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకోవడం లేదు. మధ్యాహ్నం దాటాక పెద్ద రోడ్డు వదిలేసి పొలాల మధ్య రోడ్డు పట్టాం. దారిలో అమ్మ రెండు సార్లు మరిదికి ఫోన్ చెయ్యమంది. ఫోన్ ఆఫ్ చేసి ఉందన్నాం. "శనివారం కూడా మీటింగులేనా?" అంది. మా ఆయన "అవునండీ అత్తయ్యగారూ, రిలీజ్ ఉంది" అన్నాడు. ఎంత తేలిగ్గా అనేశాడో. నాకు చెంప పగలగొట్టాలనిపించింది. పాపం ఆయన తప్పేం లేదు, ఎవరో ఒకరు అనాలి.

కేప్ విన్సెంట్ రేవు చాలా చిన్నది. ఒడ్డున పెయింట్ పోయిన చెక్క బెంచీ ఒకటి, నాలుగైదు కార్లు. ఆకాశం మబ్బు పట్టి ఉంది. నది బూడిదరంగులో కనిపించింది. ఫెర్రీ వచ్చి ఆగి, ఇనప పలక గట్టు మీదకి దించగానే అమ్మ చప్పట్లు కొట్టింది.

"అచ్చం మన పంటేనే! ఆ మనిషి చెయ్యి ఊపడం కూడా అదే!"

కారు ఎక్కించాక అందరం దిగి అంచున కమ్మీ దగ్గర నిలబడ్డాం. గాలి గట్టిగా కొడుతోంది. అమ్మ శాలువా తల మీదుగా కప్పుకుని, సఖినేటిపల్లి రేవులో ఒకసారి పెళ్ళివారి గేదె నీళ్ళలో దూకిన కథ మనవరాలికి చెబుతోంది. దానికి సగం తెలుగు అర్థం కాదు, అయినా పడీ పడీ నవ్వుతోంది.

"అమ్మమ్మా, కౌ స్విమ్ చేస్తదా?"

"కౌ కాదమ్మా, గేదె. బ్రహ్మాండంగా ఈదుద్ది."

"బాబాయ్‌కి చెప్తా నేను ఈ స్టోరీ. బాబాయ్ వస్తాడు కదా బోట్ దగ్గరకి?"

"రాకుండా ఉంటాడా? ఇద్దరూ రావాలని పోయిన వారమే గట్టిగా చెప్పాను."

మా ఆయన కెమెరా తీసి, "నవ్వండి" అన్నాడు. ఆ ఫొటో ఇప్పటికీ మా దగ్గర ఉంది. అమ్మ నిజంగా నవ్వుతోంది. నేను పళ్ళు బయటపెట్టాను. నాన్న పోయినప్పుడు నన్ను తీసుకురావడానికి వచ్చిన మామయ్య కూడా విమానాశ్రయంలో నన్ను చూసి నవ్వాడు. అది కూడా ఇలాంటి నవ్వే.

కాసేపట్లోనే దీవి వచ్చేసింది. దిగగానే కెనడా కస్టమ్స్. ఒక చిన్న గది, దాని ముందు ఒక ఆడ ఆఫీసర్. మా వయసే ఉంటుంది. పాస్‌పోర్టులు, మా గ్రీన్ కార్డులు తీసుకుని, ఎందుకు వెళ్తున్నారని మా ఆయన్ని అడిగింది.

ఇంత దూరం ఆలోచించిన వాళ్ళం ఇది ఆలోచించలేదు. సరిహద్దు దగ్గర అడుగుతారని తెలుసు, అబద్ధం చెప్పకూడదనీ తెలుసు. కానీ అమ్మ వెనకే కూర్చుని ఉంది. ఆవిడ ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పిన మనిషి. ఇంగ్లిష్ మాట్లాడ్డానికి సిగ్గుపడుతుంది కానీ ఒక్క ముక్క వదలకుండా అర్థం చేసుకుంటుంది.

"ఫ్యామిలీ" అన్నాడు మా ఆయన. "మా మరదలి ఇంటికి." అది అబద్ధం కాదు.

"ఎన్నాళ్ళు?"

"ఇంకా తెలీదు."

ఆ సమాధానం ఆవిడకి నచ్చలేదు. వంగి వెనక సీట్లోకి చూసింది. మీరెవరిని చూడ్డానికి వెళ్తున్నారమ్మా అని అమ్మని అడిగింది. అమ్మ సర్దుకుని కూర్చుని, బళ్ళో పాఠం చెప్పినంత నింపాదిగా, మై యంగర్ డాటర్ అండ్ సన్ ఇన్ లా, న్యూ హౌస్, ఫస్ట్ టైమ్ అని చెప్పింది. తినేవి ఏమైనా తెస్తున్నారా అని ఆవిడ అడిగింది. ఇక అమ్మని ఆపేవాళ్ళు లేకపోయారు. దాచిపెట్టామనుకుంటారేమో, అన్నీ చూపించమని తనే కారు దిగింది. మా ఆయన డిక్కీ తెరవక తప్పలేదు.

సున్నుండల డబ్బా మూత తీసి చూపించింది. గోంగూర పచ్చడి చూపించింది. ఆ తర్వాత, ఎవరూ అడక్కుండానే, గుడ్డ సంచి విప్పింది. గృహప్రవేశానికి రాలేకపోయానని రాజమండ్రిలో కొని, ఇక్కడిదాకా మోసుకొచ్చిన బట్టలు. చెల్లికి చీర. అల్లుడికి పట్టు పంచె, కండువా, ఒక తెల్లచొక్కా. పంచె మడత విప్పి, జరీ అంచు ఆవిడ చేతికి అందించింది.

"ఫర్ మై సన్ ఇన్ లా" అంది. "హి ఈజ్ వెరీ టాల్. సో స్పెషల్ సైజ్."

ఆ ఆఫీసర్ అంచుని వేళ్ళతో తాకి, నవ్వి, "లక్కీ మ్యాన్" అంది.

నేను కారుకి అటు పక్కకి వెళ్ళి నిలబడ్డాను. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాను. మా ఆయన డిక్కీ తలుపు పట్టుకుని నేల చూస్తున్నాడు. ఈ దేశం కాని దేశం గడప మీద, ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి ముందు, మా అమ్మ చనిపోయిన అల్లుడి బట్టలు విప్పి చూపించి మురిసిపోతోంది. చేయించింది మేమే. జాగ్రత్త కోసం అన్నారు, గుండె కోసం అన్నారు. ఇంతకన్నా గుండెపోటే నయం అనిపించింది నాకు.

దీవి మీద రోడ్డు పొడుగునా గాలిమరలు ఉన్నాయి. గాలి ఉన్నా ఒకటి రెండు తిరగడం లేదు. అమ్మ వాటిని చూసి ఏదో అడిగింది, ఎవరమూ సరిగ్గా జవాబు చెప్పలేదు. ఆవిడ కొంచెం చిన్నబుచ్చుకుంది. "ఏంటర్రా, ఇద్దరూ దెబ్బలాడుకున్నారా?" అంది. లేదన్నాం.

రెండో ఫెర్రీ పెద్దది. కారు ఎక్కించాక మా ఆయన పిల్లని తీసుకుని పై అంతస్తుకి వెళ్ళాడు. అమ్మ, నేను కార్ల పక్కన కమ్మీ దగ్గర నిలబడ్డాం. దూరంగా కింగ్‌స్టన్ కనిపిస్తోంది, ఏదో గోపురం, రాతి కట్టడాలు.

"నీ ఫోన్ ఇలా ఇయ్యి" అంది అమ్మ. "మీటింగు అయిపోయుంటుంది. పంటు ఎక్కేశామని నేనే చెబుతా."

ఫోన్ నా చేతిలోనే ఉంది. ఇవ్వలేదు.

"ఇయ్యవే. ఏంటలా చూస్తావ్?"

నాకు రాజమండ్రిలో కారు గుర్తొచ్చింది. ఆసుపత్రి వైపు తిరగకుండా పోయిన ఆ కారు. నేను అప్పుడు ఆ వీధి చూస్తూ ఒక్కొక్కటే అర్థం చేసుకున్నట్టు, ఇంకాసేపట్లో అమ్మ కూడా రేవులో అల్లుడి కోసం వెతుక్కుంటూ, మా మొహాలు చూసి తనే అర్థం చేసుకోవాలా? ఆవిడ కమ్మీ పట్టుకుని ఉంది. నేను ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసి గట్టిగా పట్టుకున్నాను.

"అమ్మా, అతను ఫోన్ ఎత్తడు. లేడమ్మా. గురువారం సాయంత్రం పోయాడు. గుండె ఆగిపోయింది."

అమ్మ నా వైపు చూస్తూనే ఉంది. అరవలేదు. పడలేదు. నేను ఒక చేత్తో ఆవిడ మందుల పర్సు తడుముతున్నాను. ఆవిడ ఆ చెయ్యి తోసేసింది.

"గురువారమా?"

"అవును."

"అంటే నిన్న నాతో కూర్చుని ఉండలు చుట్టినప్పుడు నీకు తెలుసు."

"తెలుసు."

"నేను ఆ ఆఫీసరమ్మకి బట్టలు విప్పి చూపిస్తుంటే చూస్తూ నిలబడ్డారు. ఇద్దరూ."

మామయ్య చెప్పొద్దన్నాడని చెప్పొచ్చు. చెప్పలేదు. అమ్మ కారు తలుపు తీసి, పక్కకి కూర్చుంది, కాళ్ళు బయట పెట్టుకుని. నేను ఎదురుగా కింద కూలబడ్డాను. ఇంజిన్ మోతకి ఆ నేల అదురుతోంది. నీళ్ళ సీసా ఇస్తే రెండు గుక్కలు తాగింది. కొంగుతో మొహం ఒత్తుకుంది. అప్పుడు అడిగింది.

"మీ నాన్నప్పుడు నీకు చెప్పొద్దన్నది నేనే. తెలుసా?"

నాకు తెలియదు. మామయ్య పనే అని ఇన్నేళ్ళూ ఆయన మీద కారాలు మిరియాలు నూరాను.

"ఒక్కదానివి. అంత దూరం. దారిలో ఏమైపోతావో అని." కొంగు మళ్ళీ మొహానికి అడ్డం పెట్టుకుంది. "ఆ రోజు నీకు ఇలాగే ఉందా?"

"ఇలాగే ఉందమ్మా."

అమ్మ తల ఊపింది. నా నెత్తి మీద చెయ్యి వేసింది. అప్పుడు ఏడ్చాం, ఇద్దరం, చుట్టూ కార్లలో జనం ఉన్నారని కూడా చూసుకోకుండా. నాన్న కోసం కూడా నేను అంత ఏడవలేదు.

ఫెర్రీ వేగం తగ్గింది. మా ఆయన మెట్లు దిగి వచ్చి, మమ్మల్ని చూసి అక్కడే ఆగిపోయాడు. పిల్ల మాత్రం, "అమ్మమ్మా, పిన్ని! అక్కడ పిన్ని!" అని అరిచింది.

అమ్మ లేచి కమ్మీ దగ్గరకి వచ్చింది. నేనూ చూశాను. ఒడ్డు మీద, గేటు అవతల, చెల్లి నిలబడి ఉంది. పక్కన ఆ తెలుగావిడ. చెల్లి మా వైపు చెయ్యి ఊపుతోంది. ఆకుపచ్చ చుడీదార్ వేసుకుంది. దగ్గరవుతున్నకొద్దీ తెలిసింది, నవ్వుతోంది కూడా. నుదుటి మీద పెద్ద బొట్టు.

చెల్లి బొట్టు పెట్టుకునేది కాదు. వీడియోలో కనిపించినప్పుడల్లా అమ్మ మొదటి మాటే అది. "ఆ బోడి నుదురేంటే, ఒక్క స్టిక్కర్ పెట్టుకోడానికి ఏం రోగం?" అని. అది విసుక్కునేది. ఒకసారి అల్లుడు తన నుదుటికే స్టిక్కర్ అంటించుకుని కెమెరా ముందుకి వచ్చి, "ఇంట్లో ఒకరికి ఉందిలెండి అత్తయ్యా" అన్నాడు.

నాకు ఏమీ తోచలేదు. అమ్మకి మాత్రం చూడగానే అర్థమైంది. ఆవిడకి తెలియని పద్ధతా ఇది.

"దానికీ చెప్పారా? నా ముందు బయటపడొద్దని?"

"నాకు తెలీదమ్మా. నేను చెప్పలేదు."

"మీ మామయ్య చెప్పుంటాడు" అంది. "ఇంటికి చేరేదాకా నవ్వుతూ ఉండమని."

మొగుడు పోయి రెండు రోజులు కాలేదు. ఇంకా దహనం కాలేదు, మనిషి ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఇది లేచి, తల దువ్వుకుని, అద్దం ముందు నిలబడి, అమ్మకి అనుమానం రాకుండా బొట్టు పెట్టుకుని వచ్చింది. నేను చెప్పకపోయుంటే అమ్మ దిగుతూనే "అల్లుడేడే?" అని దాన్నే అడిగేది. అది నవ్వుతూ ఏదో ఒకటి చెప్పాలి. కారులో పక్కపక్కన కూర్చుని, ఆ కొత్త ఇంటిదాకా అలాగే నవ్వుకుంటూ వెళ్ళాలి.

ఇనప పలక దించారు. ముందు కార్లు కదులుతున్నాయి, మా ఆయన స్టీరింగ్ దగ్గర కూర్చున్నాడు. అమ్మ కారు ఎక్కలేదు. నడిచి దిగేవాళ్ళతో కలిసి దిగిపోయింది. మోకాళ్ళ నొప్పుల మనిషి, నేను పట్టుకునే లోపే నాలుగు అంగల్లో గేటు దాటింది.

చెల్లి ఎదురొచ్చింది. అదే నవ్వు, ఇంకా మొహం మీద అతికించినట్టే ఉంది.

"వచ్చావా అమ్మా? పంటు బాగుందా? ఆయనకి ఆఫీసులో..."

"చాల్లే తల్లీ" అంది అమ్మ, దాని మొహం రెండు చేతుల్లోకి తీసుకుని. "నాకు తెలుసు. ఇంక నవ్వకు."

చెల్లి నా వైపు చూసింది. నేను తల ఊపాను. దాని నవ్వు పోవడానికి కొంచెంసేపు పట్టింది, ఎలా ఆపాలో తెలియనట్టు. తర్వాత గబగబా చెయ్యి నుదుటి మీదకి పోయింది.

"నువ్వు చూస్తావని పెట్టుకున్నానమ్మా. నాకు ఇష్టం లేకపోయినా..." అంటూ స్టిక్కర్ గోటితో గిల్లబోయింది.

అమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనీ. నాకోసమేగా పెట్టుకున్నావు. నేను ఉన్నాను."

అప్పుడు ఏడ్చింది మా చెల్లి. గురువారం నుంచి ఇదే మొదటిసారి అని పక్కనున్న ఆవిడ నాతో మెల్లిగా చెప్పింది.